ముక్క పడని నేల

కార్వేటినగరంలో ఎవరైనా ఇల్లు కట్టుకుంటుంటే, గోడలు లేచి పైకప్పు పూర్తయ్యాక "ఇంక సిద్ధమ్మకు కబురు పెట్టండి" అనడం రెండువేల సంవత్సరం నాటికి మామూలు మాటైపోయింది. అంతకు మూడేళ్ళ ముందు వరకు ఆమెకు అలా కబురు పెట్టినవాళ్ళు లేరు. అప్పుడామె చిత్తాళు. అంటే మేస్త్రి కింద ఇసుక జల్లించి, సిమెంటు కలిపి, బాండ్లీలు నెత్తిన మోసే కూలిమనిషి. ఎన్నేళ్ళు పనిచేసినా ఆడమనిషి చేతికి తాపీ రాదు. ఆ సంగతి ఎవరూ ప్రత్యేకంగా చెప్పరు, ఎవరూ అడగరు కూడా.

సిద్ధమ్మ పుట్టింది పుత్తూరుకు పోయే దారిలో, కొండ అంచునున్న చిన్న పల్లెలో. ఆమె నాయన కిత్తనార తాళ్ళు పేనేవాడు. కిత్త మట్టలు తెచ్చి నీళ్ళలో నానేసి, బాది, నార తీసి, ఆరబెట్టి తాళ్ళు చేసి పుత్తూరు సంతలో అమ్మేవాడు. సిద్ధమ్మ మూడో తరగతితో బడి మానేసి నాయనతో నార పట్టింది. అంకెలు వచ్చు, పదో ఎక్కం దాకా నోటికి వచ్చు, అంతే.

సంతలో ఒక్కోసారి చిత్రమైన బేరాలు వచ్చేవి. మేకలోళ్ళు రెండు పొడుగాటి తాళ్ళు ఏరుకుని, "మేకల్ని కట్టేదానికి రెండిట్నీ ఒకటే కొలత ముక్కలుగా కొయ్యి. ముక్క పొడుగు ఎంతుంటే అంత మేలు. కొసన ముక్క మాత్రం మిగలగూడదు" అనేవాళ్ళు. నాయన దగ్గర టేపు లేదు. పొట్టి తాడును పొడుగు తాడు మీద పరిచేవాడు. ఎక్కువైనంత మేర బొటనవేలితో పట్టుకుని, ఆ ఎక్కువైన కొలతతో పొట్టి తాడును కొలిచేవాడు. అక్కడ కొంచెం మిగిలితే, ఆ మిగిలిన దానితో ముందటి కొలతను కొలిచేవాడు. ఏ కొలతకైతే ఏమీ మిగలకుండా సరిపోతుందో అదే ముక్క.

"మిగిలిందాంతోనే మళ్ళా కొలువు పాపా. మిగలకుండా పొయ్యేదాకా కొలస్తానే ఉండు" అనేవాడు కూతురితో. ఎందుకలా అవుతుందని ఆమె అడగలేదు. ప్రతిసారీ అవుతుంది కాబట్టి ఆయనా చెప్పలేదు.

పద్దెనిమిదేళ్ళకు పెళ్ళయి కార్వేటినగరం వచ్చింది. భర్త మునికృష్ణ మామిడి తోటల్లో కాపలాకు, కాయకోతకు పోయేవాడు. తోట పని కొన్ని నెలలే. అందుకని సిద్ధమ్మ వెంకటముని మేస్త్రి దగ్గర చిత్తాళుగా చేరింది. తొంభై ఏడు నాటికి చేరి తొమ్మిదేళ్ళయింది.

వెంకటముని మంచి పనివాడు. నోరు కొంచెం గట్టిదేగానీ కూలి ఎగ్గొట్టేవాడు కాదు, ఆడవాళ్ళ మీద మాట తూలేవాడు కాదు. బండలు పరిచేటప్పుడు మాత్రం ఆయనది ఒకటే అలవాటు. ఏ గదికైనా అడుగు చదరపు బండలే తెప్పించేవాడు. ఒక గోడ దగ్గర మొదలుపెట్టి పరుచుకుంటూ పోయి, అవతలి గోడ దగ్గర ఎంత సందు మిగిలితే అంతకు బండను కోసి ఇరికించేవాడు. ఆ కోసిన ముక్కల దగ్గరే ముందు సిమెంటు ఊడేది. చీపురు అక్కడే తట్టుకునేది. కడిగిన నీళ్ళు అక్కడే నిలిచేవి. సిద్ధమ్మ చాలా ఇళ్ళలో అది గమనించింది. ఒకసారి ఉండబట్టలేక ఆయనతో అన్నది కూడా.

"ఏమ్మే సిద్ధమ్మా, అడుగు బండంటే అడుగు బండే. గోడ యాడ నిలిస్తే ఆడ కోసుకుంటాం. గోడను జరపమంటావా ఏంది?" అని ఆయన నవ్వేశాడు. ఆమె కూడా నవ్వి బాండ్లీ ఎత్తుకుంది.

పందొమ్మిది వందల తొంభై ఏడు ఎండాకాలంలో ఊళ్ళో బడికి చందాలతో ఒక గ్రంథాలయం కట్టించారు. పని వెంకటమునిదే. ఒక పెద్ద గది, దాన్ని ఆనుకుని పుస్తకాలు సర్దుకోవడానికి చిన్న గది. బడి కమిటీ పెద్ద తిరుమలయ్య. దగ్గరుండి పని చూసుకునేది లెక్కల టీచరు చంద్రకాంతమ్మ. సెలవులైనా రోజూ గొడుగేసుకుని వచ్చి, వేపచెట్టు నీడలో కుర్చీ వేసుకుని కూర్చునేది. జూన్ పన్నెండుకు బడి తెరుస్తారు. ఆ రోజుకు పిల్లలు ఆ గదిలో కూర్చోవాలని ఆమె పట్టుదల.

మే నెల మూడో వారంలో, కిటికీ పైన సజ్జకు పూత వేస్తూ వెంకటముని జారి పడ్డాడు. పెద్ద ఎత్తేమీ కాదు. కానీ కుడిచెయ్యి ఒంటి కింద పడింది. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. జీపులో పుత్తూరుకు తీసుకుపోయి కట్టు కట్టించారు. కట్టు కట్టినాయన నలభై అయిదు రోజులు చెయ్యి కదపొద్దన్నాడు.

గోడలు పూర్తయ్యాయి. నేల ఒక్కటే మిగిలింది. తిరుమలయ్య పుత్తూరులో అడిగాడు, తిరుపతిలో అడిగాడు. పెళ్ళిళ్ళ కాలం, ఇళ్ళు కట్టే కాలం. జూన్ నెలాఖరు దాకా ఏ మేస్త్రీ ఖాళీ లేడు.

ఆ సంగతి తెలిసిన సాయంత్రం సిద్ధమ్మ ఇంటికి వచ్చి అన్నం పెడుతూ మునికృష్ణతో అన్నది.

"బడి నేల నేను పరస్తానని అడగదామనుకుంటా ఉండా."

మునికృష్ణ ముద్ద పట్టుకుని ఆగాడు. "నీకొచ్చునా?"

"తొమ్మిదేండ్లు సూసినా గదా."

"సూసేది వేరు, సేసేది వేరు."

"వేరే. అందుకే భయంగా ఉండాది."

అతను ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మజ్జిగ పోసుకుని కలుపుకుంటూ, "అడుగు. వొద్దంటే బాండ్లీ యాటికీ పోదు గదా" అన్నాడు.

మరుసటి రోజు పొద్దున్నే సిద్ధమ్మ ఒక్కతే బడికి పోయింది. నాయన పేనిన తాడు చుట్ట ఇంట్లో దూలానికి వేలాడుతుంటే తీసుకుపోయింది. పెద్ద గది పొడుగుకు ఒక తాడు కోసింది. అడ్డానికి ఒకటి కోసింది. రెండూ నేల మీద పక్కపక్కన పరిచి మోకాళ్ళ మీద కూర్చుంది. పొడుగు తాడు ఎక్కువైన మేర వేలితో పట్టుకుని, దానితో పొట్టి తాడును కొలవడం మొదలుపెట్టింది.

గుమ్మం దగ్గర నీడ పడింది. చంద్రకాంతమ్మ గొడుగు ముడుస్తూ నిలబడి ఉంది.

"ఏం చేస్తా ఉండావు సిద్ధమ్మా?"

సిద్ధమ్మ దిగ్గున లేచింది. "ఏం లేదమ్మా. బండ ఎంతదైతే ముక్క పడకుండా సరిపోతాదో సూస్తా ఉండా."

"చెయ్యి, చెయ్యి. నాకూ చూపించు."

సిద్ధమ్మ మళ్ళీ కూర్చుంది. "ఇది పొడుగు, పదహారున్నర అడుగులు. ఇది అడ్డం, పదమూడున్నర. ఎక్కువైంది మూడడుగులు. ఆ మూడడుగులతో అడ్డాన్ని కొలిస్తే నాలుగు సార్లు పోయి, అడుగున్నర మిగిలె. ఇప్పుడు అడుగున్నరతో మూడడుగుల్ని కొలవల్ల. రెండు సార్లకు సరిపాయె. ఏమీ మిగల్లే." అడుగున్నర తాడు పైకెత్తి పట్టుకుంది. "ఈ కొలత బండ అయితే పొడుగుకు పదకొండు, అడ్డానికి తొమ్మిది. ఒక్కటి కూడా కొయ్యాల్సిన పన్లేదు. ఇంతకంటే పెద్ద బండ పెడితే ముక్క పడతాదమ్మా."

"అడుగు బండలు వేస్తే?"

"ఇరవై తొమ్మిది అరముక్కలు కొయ్యాల. మూలకు ఒక పావు ముక్క."

చంద్రకాంతమ్మ చేతిసంచిలోంచి సుద్దముక్క తీసి, చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని ఆమె పక్కనే నేల మీద కూర్చుంది. పదహారున్నర అడుగులను అంగుళాలు చేసి 198 అని రాసింది. పదమూడున్నరను 162 అని రాసింది. ఒక్కోదాని కింద గీతలు గీసి విడగొట్టింది. 198 అంటే రెండు, మూడు, మూడు, పదకొండు గుణిస్తే వచ్చేది. 162 అంటే రెండూ, నాలుగు మూళ్ళూ గుణిస్తే వచ్చేది. రెంటిలోనూ ఉన్నవాటికి సున్నాలు చుట్టింది: రెండు, మూడు, మూడు.

"ఈ మూడింటినీ గుణిస్తే ఎంత?"

"పద్దెనిమిది."

"పద్దెనిమిది అంగుళాలంటే?"

సిద్ధమ్మ చేతిలోని తాడు వంక చూసింది. "అడుగున్నర."

"దీన్ని మేము గసాభా అంటాం. గరిష్ఠ సామాన్య భాజకం. రెండు సంఖ్యల్నీ మిగలకుండా భాగించే వాటిల్లో అన్నిటికన్నా పెద్దది. ఏడో తరగతి పిల్లలకు చెప్పలేక గొంతు పోతుంది నాకు."

సిద్ధమ్మకు ఆ పేరు నోరు తిరగలేదు. తన నాయన చేసిన పనికి పుస్తకంలో పేరుందని వినడం మాత్రం వింతగా ఉంది. గర్వమేమీ కలగలేదు. పొద్దుటి నుంచి ఉన్న బెదురు కాస్త తగ్గింది, అంతే.

"అయితే తప్పు పోలేదు గదమ్మా?"

"లేదు. తప్పు పోలేదు."

అప్పుడు అడిగింది సిద్ధమ్మ, నేల నేను పరుస్తానని. చంద్రకాంతమ్మ ఒప్పుకుంది. తిరుమలయ్య వచ్చాక ఆయన అంత తొందరగా ఒప్పుకోలేదు. "చందా ఇచ్చినోళ్ళు అడిగితే చిత్తాళు చేత పరిపించినామని ఎట్ల చెప్పేది టీచరమ్మా?" అన్నాడు.

"మేస్త్రి చేత అని చెప్పండి. పని బాగుంటే అది అబద్ధం కాదు. బాగలేకపోతే నేనే అందరికీ చెప్పుకుంటా."

తిరుమలయ్య తల గోక్కున్నాడు. చివరికి బండల డిపోకు చీటీ రాయడానికి కాగితం తీశాడు.

చిన్న గది అడ్డం కూడా పదమూడున్నర అడుగులే, పొడుగు ఆరడుగులు. చంద్రకాంతమ్మ వేళ్ళు మడుస్తూ, "తొమ్మిది పదకొండ్లు తొంభై తొమ్మిది, తొమ్మిది నాలుగులు ముప్పై ఆరు" అని రెండు గదులకూ వేరువేరుగా లెక్క చూస్తుంటే సిద్ధమ్మ అడ్డం వచ్చింది.

"రెండు గదుల్లోనూ వరసకు తొమ్మిదే గదమ్మా. ఈడ పదకొండు వరసలు, ఆడ నాలుగు వరసలు. అన్నీ కలిపి పదైదు వరసలు. తొమ్మిది పదులు తొంభై, తొమ్మిది ఐదులు నలభై ఐదు. నూట ముప్పై అయిదు."

చంద్రకాంతమ్మ గట్టిగా నవ్వింది. "దీనికీ ఒక పేరుంది. విభాగ న్యాయం."

"న్యాయమా? పంచాయితీ న్యాయం మాదిరా?"

"అలాంటిదే. రెండు చోట్లా సమంగా ఉన్నదాన్ని బయటకు తీసి పెట్టి, మిగతావి కలుపుకోవచ్చు. ఎవరికీ అన్యాయం జరగదు."

చీటీలో బండ అడుగున్నర అని రాసి, ఒక్కో బండను నూలు తగ్గించి కొయ్యమని సిద్ధమ్మ రాయించింది. మేస్త్రులు అంగుళాన్ని ఎనిమిది నూళ్ళు చేస్తారు. ఆ నూలంత సందులో సిమెంటు పాలు పోస్తారు. బండా సందూ కలిపి అడుగున్నర. విరిగితే ఉంటాయని నాలుగు బండలు అదనంగా చెప్పింది.

మూడో రోజు లారీ వచ్చింది. దించిన బండలను సిద్ధమ్మ తొమ్మిదేసి చొప్పున గోడకు ఆనించి నిలబెట్టించింది. అదనపు నాలుగూ వేరుగా పెట్టించింది. డ్రైవరు దించేటప్పుడు ఒక్కొక్కటే లెక్కపెట్టి అన్నీ వచ్చాయన్నాడు. సిద్ధమ్మ గోడ వెంబడి ఒకసారి నడిచి, "పదైదో కట్టలో ఏడే ఉండాయి. రెండు తక్కువన్నా" అన్నది. డ్రైవరు నమ్మలేదు. వెళ్ళి చూస్తే లారీలో వరిగడ్డి కింద రెండు బండలు దొరికాయి.

మొదటి రోజు పని బాగా సాగింది. ఎప్పుడూ సిమెంటు అందించే మనిషి ఇప్పుడు సిమెంటు పరిచి, బండ దించి, కొయ్యసుత్తితో తట్టి, రసమట్టం పెట్టి చూస్తుంటే, మొదట్లో చేతులు తనవి కానట్టే ఉన్నాయి. పడమటి గోడ దగ్గర మొదలుపెట్టి సాయంత్రానికి రెండు వరసలు పూర్తి చేసింది. రెండో రోజు చెయ్యి కుదిరి, మధ్యాహ్నం కాకముందే ఇంకో రెండు. నాలుగో వరసలో కడపటి బండ దించాక ఉత్తరపు గోడ వంక చూసి ఆమె చెయ్యి ఆగిపోయింది.

మొదటి వరసలో కడపటి బండ గోడకు అంటుకుని ఉంటే, నాలుగో వరసలోది గోడకు మూడు నూళ్ళ దూరంలో ఉంది.

దారం పట్టి చూసింది. వరసలు తిన్నగానే ఉన్నాయి. లేచి తూర్పు గోడ దగ్గరకు పోయి టేపు పట్టింది. పదమూడు అడుగుల ఏడు అంగుళాలు. పడమటి గోడ కంటే ఒక అంగుళం ఎక్కువ. అడ్డానికి ఆమె కొలిచింది పడమటి గోడ ఒక్కటే. ఎదురు గోడ కూడా అంతే ఉంటుందనుకుంది.

సిద్ధమ్మ అక్కడే కూలబడింది. ఇలాగే పోతే చివరి వరసకు గోడ పక్కన అంగుళం సందు నోరు తెరుచుకుని ఉంటుంది. అందులో ఇరికించడానికి సన్న చీలిక కొయ్యాలి. ముక్క పడకుండా పరుస్తానని అందరి ముందూ అన్నది తనే. తెచ్చుకున్న సద్ది మూట విప్పలేదు. మధ్యాహ్నం చంద్రకాంతమ్మ వచ్చేసరికి కూడా అలాగే కూర్చుని ఉంది.

"తప్పు సేసినానమ్మా. రెండు గోడలే కొలిచినా" అని ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

చంద్రకాంతమ్మ టేపు తీసుకుని తనూ కొలిచింది. తర్వాత పక్కన కూర్చుంది. "నేనూ రెండు గోడల లెక్కే వేశాను సిద్ధమ్మా. పుస్తకంలో గదికి ఎదురెదురు గోడలు ఎప్పుడూ సమానమే. నాకు ఆ ఆలోచనే రాలేదు. తప్పులో సగం నాది."

ఆ మాట విన్నాక సద్ది విప్పి ఇద్దరూ తిన్నారు. తింటూ తింటూ సిద్ధమ్మ బండల మధ్య సందుల వంకే చూస్తోంది. ఒక వరసలో తొమ్మిది బండలు. వాటి మధ్య ఎనిమిది సందులు. మునివేలితో ఒక్కో సందునూ తాకుతూ లెక్కపెట్టింది.

"అంగుళానికి ఎనిమిది నూళ్ళు" అన్నది ఉన్నట్టుండి.

"అయితే?"

"సందులూ ఎనిమిదే అమ్మా. తూర్పు గోడ కాడ సందుకో నూలు ఎక్కువ పంచితే సరి. ఈ గోడ కాడ నూలు, ఆ గోడ కాడ రెండు నూళ్ళు. మధ్యలో రవ్వ రవ్వ పెంచుకుంటా పోతే ఎవురి కంటికీ ఆనదు."

చెయ్యి కడుక్కుని గడ్డపార తీసుకుంది. సిమెంటు పూర్తిగా బిగియకముందే మూడు వరసలు లేపాలి. ఒక్కో బండ కింద మొన దూర్చి, గోనెసంచి అడ్డం పెట్టి, మెల్లగా లేపింది. ఒక బండ అంచు విరిగింది. అదనపు వాటిలోంచి ఒకటి తీసింది. చంద్రకాంతమ్మ కూడా కుచ్చెళ్ళు బిగించి, లేపిన బండల అడుగున అంటుకున్న సిమెంటు చీపురుతో దులిపి పెట్టింది. వద్దన్నా వినలేదు.

ఎనిమిదో రోజుకు పెద్ద గది పూర్తయింది. తర్వాత చిన్న గది నాలుగు గోడలూ కొలిచి మొదలుపెట్టింది. అది సరిగ్గా ఉంది.

కట్టు చెయ్యి మెడకు వేలాడేసుకుని వెంకటముని వచ్చాడు, జూన్ మొదటి వారంలో. సిద్ధమ్మ బండల మీద మిగిలిన సిమెంటు మరకలు గోనెసంచితో రుద్దుతోంది. ఆయన పలకరించలేదు. గోడల వెంబడి మెల్లగా నడిచాడు. నాలుగు వైపులా చూశాడు. ఎక్కడా ముక్క లేదు. తూర్పు గోడ దగ్గర వంగి, ఎడమచేతి గోరు సందులో పెట్టి చూసి, పడమటి గోడ దాకా వెళ్ళి అక్కడా పెట్టి చూశాడు.

"ఏమ్మే, ఆడ రెండు నూళ్ళు పెట్టినావే?"

"గోడ అంగుళం ఎక్కువుండాది మేస్త్రీ."

"ఎవురు కట్టినారు ఆ గోడ?"

సిద్ధమ్మ గోనెసంచి బకెట్టులో ముంచి పిండింది. కాసేపటికి వెంకటముని భుజాలు ఊగడం మొదలుపెట్టాయి. నవ్వుకు విరిగిన చెయ్యి కదిలి, "అబ్బా" అంటూనే నవ్వాడు.

"నేనే గదా! నా గోడ తప్పు నా ఎదురుగానే దాచిపెట్టినావు. మంచిదే." గుమ్మం దాకా పోయి తిరిగి చూశాడు. "నా తాపీ ఇంట్లో ఊరికే తుప్పు పడతా ఉండాది. వచ్చి తీసుకో. నాకు చెయ్యి వచ్చినాక గోడలు నేను చూసుకుంటా. నేల నువ్వు చూసుకో."

బడి తెరిచిన వారానికి చంద్రకాంతమ్మ ఏడో తరగతి పిల్లలను ఆ గదిలో కూర్చోబెట్టింది. సిద్ధమ్మను పిలిపించి, తాళ్ళతో చేసి చూపించమంది. నలభై మంది ముందు ఆమె తాళ్ళు పరిచి, కొలిచి, అడుగున్నర ముక్క పైకెత్తి చూపించింది. తర్వాత పిల్లలు వేరే తాళ్ళు తీసుకుని నేలంతా పాకుతూ కొలుచుకున్నారు. ఇద్దరు ఆడపిల్లలు తమ తాళ్ళకు అంగుళం ముక్క దాకా పోవలసి వచ్చిందని గొణిగితే, కొన్ని తాళ్ళు అంతేనని సిద్ధమ్మ ఓదార్చింది.

ఆ ఏడాది ఆదివారాలు ఆమె చంద్రకాంతమ్మ ఇంటికి వెళ్ళి గుణకారాలు, భాగహారాలు కాగితం మీద నేర్చుకుంది. రెండు గదులు వచ్చినా, మూడు గదులు వచ్చినా, సమంగా ఉన్న కొలత బయటకు తీసి మిగతావి కలుపుకోవడం ఆమెకు అన్నిటికన్నా నచ్చిన లెక్క. బండల డిపోవాళ్ళు ఆమె చీటీ వస్తే మళ్ళీ లెక్క చూసుకోవడం మానేశారు. పుత్తూరు నుంచి, తర్వాత తిరుపతి నుంచి పిలుపులు వచ్చాయి. మునికృష్ణ తోట పని లేని నెలల్లో ఆమె వెంట వచ్చి బండలు మోసేవాడు. ఎవరైనా అదేమిటని అడిగితే, "మేస్త్రి చెప్తే మోయల్ల గదా" అనేవాడు.

రెండువేల నాలుగులో అలిపిరి దగ్గర ఒక ఇంటి పని ఒప్పుకుంది. అప్పటికి ఆమె కింద పంకజాక్షి అనే చిత్తాళు ఉండేది. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఒకరోజు మధ్యాహ్నం సిద్ధమ్మ తాపీ ఆమె చేతిలో పెట్టి, "ఈ వరస నువ్వు పరువు" అన్నది. పంకజాక్షి రెండుసార్లు వద్దంది. మూడోసారి తీసుకుంది.

సిద్ధమ్మ వరండాలో గోడకు ఆనుకుని, కాళ్ళు చాపి, సద్ది మూట విప్పింది. ఇన్నేళ్ళలో ఏ పని దగ్గరా ఆమె ఇంత నింపాదిగా అన్నం తినలేదు. లోపల కొయ్యసుత్తి చప్పుడు తడబడుతూ మొదలై, కాసేపటికి సమంగా వినిపించసాగింది.